పెరటి మడిలో బ్రోకలీ
(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మీతో బ్రోకలీ గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. పేరు వినగానే, "అదేదో పెద్ద హోటళ్లలో వడ్డించే కూర, మనకెందుకు?" అనుకోకండి. ఇప్పుడు పెద్ద కూరగాయల దుకాణాల్లో పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతున్నారు. పిల్లలు అడుగుతున్నారు, డాక్టర్లు తినమంటున్నారు. ఖరీదు చూస్తే మాత్రం చెయ్యి వెనక్కి వస్తుంది. అంచేత ఇంటి వెనక రెండు గజాల మడి వున్నవాళ్లూ, డాబా మీద నాలుగు తొట్లు పెట్టుకోగలిగినవాళ్లూ దీన్ని సొంతంగా పండించుకోవచ్చునని చెప్పడం నా ఉద్దేశం. నేను రెండేళ్లు చెడగొట్టి, మూడో యేడు పండించాను. నా పొరపాట్లు మీరు చెయ్యకుండా వుంటే, ఈ పదిహేను నిమిషాలూ సార్థకమైనట్టే.

ముందుగా ఇది ఏ జాతి మొక్కో చూద్దాం. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, బ్రోకలీ, ఈ నాలుగూ వేరు వేరు కూరలనుకుంటాం గాని, వృక్షశాస్త్రం ప్రకారం నాలుగూ ఒకే మొక్క. ఒకే తల్లి బిడ్డలు. ఆకుల మొగ్గ గట్టిగా ముడుచుకుంటే క్యాబేజీ, కాండం ఉబ్బితే నూల్‌కోల్, పూమొగ్గలు గుత్తిగా వస్తే బ్రోకలీ. మన ఆవాలూ ముల్లంగీ కూడా వీటికి దగ్గరి చుట్టాలే. ఈ ఆవాల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ రెండుసార్లు ప్రస్తావనకు వస్తుంది. బ్రోకలీ పుట్టిల్లు మధ్యధరా సముద్రం ఒడ్డున ఇటలీ దేశం. ఆ పేరు కూడా ఇటాలియన్ మాటే. కాలీఫ్లవర్ మన దేశానికి 1822లో వచ్చింది, ఉత్తరాదిన సహరాన్‌పూర్ తోటలో మొదట వేశారు. ఇవాళ అది లేని పెళ్లి భోజనం లేదు గదా! దాని చెల్లెలు బ్రోకలీ కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఇక మా ఇంటి సంగతి. మేం హైదరాబాదులో వుంటాం. ఇంటి వెనక దక్షిణం వైపు ఎండ బాగా తగిలే మడి ఒకటి వుంది. ఆ మడి మా అత్తయ్యది. కాగితాల మీద కాదు సుమా, కష్టం మీద ఆవిడది. అందులో గోంగూర వేస్తుంది. అమలాపురం దగ్గర తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. ప్రతి యేడూ నాలుగు మొక్కలు విత్తనానికి వదిలి, కాయ ఎండాక దులిపి, గుడ్డలో మూటకట్టి, మళ్లీ తొలకరికి చల్లుకుంటుంది. ముప్ఫయ్యేళ్లుగా ఆ విత్తనం చెడకుండా వస్తోంది.

2020 అక్టోబరులో అత్తయ్య మా ఆడపడుచు రెండో కాన్పుకు వెళ్లింది. అప్పుడు అందరం ఇళ్లల్లోనే వుంటున్నాం గదా, నాకూ తోటపని మీద బుద్ధి పుట్టింది. మొక్కలమ్మే చోట బ్రోకలీ నారు కనిపిస్తే డజను మొక్కలు కొనుక్కొచ్చాను. ఎక్కడ నాటాలి? ఎండ తగిలేది ఆ ఒక్క మడే. "ముదిరిపోయిన గోంగూర, ఇంకెందుకులే" అనుకుని మొత్తం పీకేశాను. విత్తనానికి వదిలిన నాలుగు మొక్కలూ కూడా. ఇంకా కాయ ముదరలేదు. ఆ యేడు అత్తయ్య మూటలో గింజ మిగల్చకుండా చల్లేసిందన్న సంగతి నాకు తెలియదు.

ఆవిడ వచ్చి చూసింది. ఒక్క మాటా అనలేదు. మడి గట్టు మీద కాసేపు కూర్చుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

పోనీ, బ్రోకలీ అయినా పండిందా? డిసెంబరు నడుమకల్లా పువ్వులు వచ్చాయి. ఒక్కొక్కటి చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. అంతకు మించి పెరగలేదు. రూపాయి బిళ్లంత పూలు పన్నెండు కోస్తే అరకప్పు కూర కాలేదు. ఎందుకిలా అయిందో తర్వాత తెలిసింది. నేను కొన్నది ముదురు నారు. చిన్న గిన్నెల్లో రెండు నెలలకు పైగా వుండిపోయి, వేళ్లు చుట్టలు చుట్టుకుని, ఆకలితో వున్న నారు. అలాంటి మొక్క, తనకిక రోజులు లేవనుకుని, ఒళ్లు పెరగకుండానే తొందరపడి పువ్వు పెట్టేస్తుంది. కాబట్టి మొదటి సూత్రం ఇది. నారు ఇంట్లోనే పోసుకోండి. కొనవలసి వస్తే, నాలుగైదు ఆకులు మాత్రమే వున్న లేత నారు కొనండి. కాండం పెన్సిలంత లావై, కింది ఆకులు పసుపు పచ్చబడి వుంటే, ఊరికే ఇచ్చినా వద్దనండి.

నారు పోయడం కష్టమేమీ కాదు. గ్రాము విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి. అంటే చిన్న పొట్లం చాలు, ఇరుగుపొరుగు పంచుకోవచ్చును కూడా. మన దేశంలో పుట్టిన రకాల్లో పూసా కె.టి.ఎస్. 1, పాలం సమృద్ధి పేరున్నవి. సంకర రకాలు కూడా అమ్ముతున్నారు. మైదాన ప్రాంతాల వాళ్లు పొట్లం మీద చూసి, త్వరగా పువ్వుకు వచ్చేదీ, కాస్త వేడిని ఓర్చేదీ ఎంచుకోవాలి. సంకర రకాల నుంచి విత్తనం కట్టి దాచుకుంటే తల్లి పోలిక రాదు, ఏ యేటికా యేడు కొనుక్కోవలసిందే.

లోతు తక్కువ తొట్టిలో గాని, పాత ప్లాస్టిక్ పెట్టెకు అడుగున చిల్లులు పెట్టి గాని, సగం మంచి మట్టీ సగం బాగా చివికిన పశువుల ఎరువూ కలిపి నింపండి. మట్టి దొరకని డాబాల వాళ్లు కొబ్బరిపొట్టు కలుపుకోవచ్చును. గింజను సెంటీమీటరు లోతున, రెండేసి అంగుళాల ఎడంగా వెయ్యండి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలకెత్తుతుంది. నీళ్లు ఉదయం పూట పల్చగా చిలకరించండి. సాయంత్రం చెమ్మగా వదిలేస్తే మొదలు దగ్గర నారుకుళ్లు తగిలి, రాత్రికి రాత్రి మొలకలు పడిపోతాయి. మొలక వచ్చిన మర్నాటి నుంచి వెలుతురు బాగా తగలనివ్వాలి. నీడలో పెడితే సన్నగా సాగి, తలవాల్చేస్తుంది.

ఎప్పుడు పొయ్యాలన్నది అన్నిటికంటే ముఖ్యం. బ్రోకలీ చలికాలపు పంట. పువ్వు కట్టే రోజుల్లో 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం దానికి హాయి. మరీ వేడైతే పువ్వు వదులై, మధ్యలో ఆకులు మొలుస్తాయి. మన పండుగల లెక్కలో నేను ఇలా గుర్తు పెట్టుకున్నాను. దేవీ నవరాత్రుల మొదట్లో నారు పొయ్యాలి. దీపావళికి మడిలో నాటాలి. సంక్రాంతి ముగ్గుల నాటికి పువ్వు కత్తికి రావాలి. శివరాత్రికి పక్క పిలకలు కూడా ముగించుకోవాలి. అటు తర్వాత ఎండ దానిది కాదు. అరకు, లంబసింగి, మదనపల్లె, ఆదిలాబాదు వైపు వున్న అక్కచెల్లెళ్లకు ఇది సులువు. హైదరాబాదులో కూడా రాత్రిళ్లు చలి బాగానే వుంటుంది గనుక ఇబ్బంది లేదు. విజయవాడ, రాజమండ్రి వాళ్లు మాత్రం వేళ తప్పనివ్వకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లోనే పువ్వు పడేటట్టు చూసుకోవాలి. పువ్వు కాస్త చిన్నదైనా రుచికి లోటుండదు.

నారు పోసిన నాలుగైదు వారాలకు, నాలుగైదు ఆకులు రాగానే నాటుకోవాలి. మొక్కకూ మొక్కకూ మధ్య అడుగున్నర ఎడం వుండాలి. చిన్న మొక్కను చూసి "ఇంత చోటెందుకు?" అనిపిస్తుంది. నెల తిరిగేసరికి ఆకులు గొడుగుల్లా విచ్చుకుంటాయి. తొట్లలో అయితే అడుగు లోతున్న తొట్టికి ఒక్కటే మొక్క. రంగులొచ్చే పెద్ద డబ్బా, 15 లీటర్లు పట్టేది, సరిగ్గా సరిపోతుంది. గుంటలో రెండు దోసిళ్లు చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి కలిపి, మొదటి ఆకుల దాకా మట్టి కప్పి నాటండి. సాయంత్రం పూట నాటితే మొక్క వాడదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి.

ఇది తిండిపోతు మొక్క. నాటిన మూడు వారాలకొకసారి, నడుమ పువ్వు కనిపించగానే మరొకసారి, మొదలు చుట్టూ వానపాముల ఎరువు రెండేసి గుప్పిళ్లు వేసి మట్టి ఎగదోయండి. నీళ్లు ఒకరోజు వరదలా పోసి నాలుగు రోజులు ఎండగట్టడం పనికిరాదు. తడి ఒకే తీరుగా వుండాలి. ఎండుటాకులు మొదట్లో పరిస్తే తడి ఆరదు, కలుపూ రాదు. పువ్వు మీద మాత్రం నీళ్లు పొయ్యకండి, కుళ్లుతుంది.

కొందరికి కోసిన కాడ లోపల డొల్లగా, గోధుమ రంగుగా కనిపిస్తుంది. నేలలో బోరాన్ అనే ధాతువు తక్కువైతే అలా అవుతుంది. నత్రజని ఎరువు ఎక్కువ వేసి మొక్కను మరీ గబగబా పెంచినా డొల్ల పడుతుంది. బోరాను లోపం వుందని తెలిస్తే, చదరపు మీటరు మడికి ఒక్క గ్రాము బోరాక్సు నీళ్లలో కరిగించి నాటే ముందు నేలకిస్తే చాలు. గ్రామంటే గ్రామే. "ఇంకొంచెం వేస్తే ఏం పోయింది" అంటే మొక్కే పోతుంది.

ఇప్పుడు పురుగుల మాట. ఈ జాతి మొక్కలకు పెద్ద శత్రువు రెక్కల మీద వజ్రం ఆకారంలో మచ్చలుండే చిన్న రెక్కల పురుగు. దాని పచ్చటి పిల్లపురుగులు ఆకు అడుగున చేరి జల్లెడ చేసేస్తాయి. తాకగానే సన్నటి దారం పట్టుకుని వేలాడుతాయి, అదే గుర్తు. పేనుబంక కూడా పువ్వు సందుల్లో చేరుతుంది. ఇక్కడే ఆవాలు మనకు అక్కరకొస్తాయి. క్యాబేజీ తోటల్లో రైతులు వరసల మధ్య ఆవ మొక్కలు వేస్తారు. పురుగుకు క్యాబేజీ కంటే ఆవాకు ఇష్టం, అక్కడికి పోయి గుడ్లు పెడుతుంది. బ్రోకలీ నాటడానికి పదిహేను రోజుల ముందు మడి చుట్టూ పోపుల డబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీసి చల్లండి. నాటిన పాతిక రోజులకు మరికొన్ని చల్లండి. ఆవ మొక్కల మీద పురుగు చేరగానే వాటికి మందు కొట్టడమో, పీకి సబ్బునీళ్లలో ముంచడమో చెయ్యాలి. ఊరికే వదిలేస్తే మనమే పురుగును పెంచినట్టవుతుంది.

మందంటే వేపగింజల కషాయం. 50 గ్రాముల వేపపప్పు దంచి, గుడ్డలో కట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానవేసి, పొద్దున బాగా పిసికి వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంకాలం ఆకు అడుగుభాగం తడిసేలా చల్లండి. వారం పది రోజులకొకసారి చల్లితే సరి. పురుగు ముదిరితే, బి.టి. అనే సూక్ష్మజీవుల మందు దొరుకుతుంది. అది ఆ పురుగులకే గాని మనకు చెరుపు చెయ్యదు. పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వాడుకోండి. ఘాటైన విషపు మందుల జోలికి మాత్రం పోకండి. పువ్వు సందుల్లో పడ్డ మందు ఎంత కడిగినా పోదు. ఇంట్లో పండించుకునేదే అందుకోసం గదా!

ఒకే చోట యేటేటా ఈ జాతి వెయ్యకూడదు. బ్రోకలీ వేసిన మడిలో మళ్లీ క్యాబేజీ గాని, ముల్లంగి గాని వేస్తే, ఆకు అంచు నుంచి లోపలికి పసుపు పచ్చగా కోసుకుంటూ వచ్చే నల్లకుళ్లు తెగులు నేలలో స్థిరపడుతుంది. మధ్యలో రెండేళ్లయినా చిక్కుడో, టొమాటోనో, ఆకుకూరలో వేస్తుండాలి.

ఇక కోత. నా రెండో యేటి పొరపాటు ఇక్కడే జరిగింది. 2021లో బుద్ధి తెచ్చుకుని, గోంగూర మడి జోలికి పోకుండా, డాబా మీద తొట్లలో వేశాను. నారు నేనే పోశాను. జనవరి మొదటివారానికి అరచేయంత పువ్వులు, ముదురాకుపచ్చగా, పూసలు గుచ్చినట్టు కనిపించాయి. అయితే దుకాణంలో చూసిన పువ్వు ఇంకా పెద్దది గదా! "ఇంకో నాలుగు రోజులుంచుదాం" అనుకుని, సంక్రాంతికి ఊరు వెళ్లాం. తిరిగొచ్చేసరికి డాబా అంతా పచ్చటి పూలు, చుట్టూ తేనెటీగలు. అత్తయ్య పైకి వచ్చి చూసి, "పోనీలే అమ్మాయ్, పూజకన్నా పనికొస్తాయి" అంది. గోంగూర పీకిన తర్వాత ఆవిడ నాతో నవ్వుతూ అన్న మొదటి మాట అదే. అంచేత ఆ పంట పూర్తిగా వృథా అయిందని నేననలేను.

చూడండి, కాలీఫ్లవర్‌లో మనం తినే తెల్లటి గడ్డ ఇంకా మొగ్గ కూడా కాదు, మొగ్గ కాబోయే లేతకండ. అది నాలుగు రోజులు ఆగుతుంది. బ్రోకలీలో ఒక్కొక్క పూసా ఒక్కొక్క మొగ్గ. అది ఆగదు. వేడి తగిలితే ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటుంది. కాబట్టి సైజు చూసి కొయ్యకూడదు, పూస చూసి కొయ్యాలి. నడిమి పూసలు చిన్నవిగా, గట్టిగా, ఒకదానికొకటి అతుక్కుని వున్నప్పుడే కొయ్యాలి. అంచున పూసలు లావెక్కి విడివిడిగా కనబడ్డాయంటే, ఇవాళే కొయ్యాలన్నమాట. పసుపు తొంగిచూసిందంటే ఆలస్యమైనట్టే, అయినా పారెయ్యకండి, తినడానికి పనికొస్తుంది. మన మడిలో పావుకిలో తూగిందంటే మంచి పువ్వే.

పొద్దున్నే, ఎండెక్కకముందు, పదునైన కత్తితో, పువ్వుతోపాటు నాలుగైదు అంగుళాల కాడ వచ్చేటట్టు ఏటవాలుగా కొయ్యండి. ఏటవాలు ఎందుకంటే, మిగిలిన మోడు మీద నీరు నిలవకుండా జారిపోవడానికి. మోడును పీకెయ్యవద్దు! కాలీఫ్లవర్ ఒక్కసారి కోస్తే అయిపోయినట్టే గాని, బ్రోకలీ మనల్ని మళ్లీ పలకరిస్తుంది. ఒక గుప్పెడు ఎరువు వేసి నీళ్లు పోస్తూవుంటే ఆకుల సందుల్లోంచి చిన్న చిన్న పిలకలు వస్తాయి. నాలుగు రోజులకొకసారి కోసుకుంటూ నెల్లాళ్లు తినవచ్చును. వీటి రుచి పెద్ద పువ్వు కంటే నాకు ఎక్కువ ఇష్టం.

కోసిన పువ్వును అరగంట ఉప్పునీళ్లలో తలకిందులుగా ముంచితే, సందుల్లో పురుగేదన్నా వుంటే తేలిపోతుంది. నిలవ పెట్టాలంటే మాత్రం కడక్కుండా, చిల్లులున్న సంచిలో, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు వుంచవచ్చును. అరటిపళ్లు, యాపిల్ పళ్ల పక్కన పెట్టకండి, వాటి వాయువుకు పసుపెక్కుతుంది.

2022లో, అంటే మూడో యేడు, పంట నేను కోరుకున్నట్టే వచ్చింది. 2023 సంక్రాంతికి పది పువ్వులు కోశాను. అప్పుడు జరిగిన సంగతి ఒకటి మీకు తప్పకుండా చెప్పాలి. మా మామయ్యగారికి గుండె కవాటం మార్చిన దగ్గర్నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు. నెలనెలా ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయిస్తాం. మన చేతి పంట గదా అన్న ఉత్సాహంలో, నేను ఆయనకు రోజూ పెద్ద గిన్నెడు బ్రోకలీ పెట్టాను. ఆయనా నా ముచ్చట కాదనలేక తిన్నారు. మూడు వారాలు పోయాక పరీక్షలో ఆ లెక్క, వుండవలసినదానికంటే బాగా పడిపోయింది. అంటే మాత్ర పనిచెయ్యడం తగ్గి, కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం వచ్చిందన్నమాట. డాక్టరుగారు, "మాత్ర మానేశారా?" అని అడిగారు. లేదన్నాం. "ఈ నెలలో కొత్తగా ఏమన్నా తింటున్నారా?" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది.

బ్రోకలీలో విటమిన్ కె చాలా ఎక్కువ. పచ్చి పువ్వు నూరు గ్రాముల్లో సుమారు 100 మైక్రోగ్రాములు. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చేది ఆ విటమినే, ఈ మాత్ర ఆపేదీ దాని పనినే. తోటకూర, పాలకూర, మునగాకులో కూడా అది పుష్కలంగా వుందని అత్తయ్యకు ఎప్పుడో డాక్టరు చెబితే, ఆవిడ ఇన్నేళ్లుగా ఆకుకూర వారానికి ఇన్నిసార్లని లెక్కగా వండుతోంది. నేను బ్రోకలీని పువ్వనుకున్నాను. రూపానికి పువ్వే గాని, గుణానికి ఆకుకూర. దేవుడి దయవల్ల గండం గడిచింది. డాక్టరుగారు అసలు మానమనలేదు. "తినండి, కాని ఏ వారమైనా ఒకే కొలతగా తినండి. ఒక వారం గిన్నెలకొద్దీ, మరో వారం శూన్యం, అలా వద్దు. మాకు చెప్పకుండా కొత్తది మొదలుపెట్టకండి" అన్నారు. మీ ఇళ్లల్లో ఆ మాత్ర వేసుకునేవాళ్లుంటే ఈ మాట మరవకండి. మాత్ర మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చకండి. రక్తం పలచబడే మందుల్లో అన్నిటికీ ఈ నియమం ఒక్కటే కాదు గనుక, మీ డాక్టరునే అడగండి.

మిగిలినవాళ్లకు ఇది మంచి ఆహారమే. నూరు గ్రాముల పచ్చి పువ్వులో సి విటమిన్ 90 మిల్లీగ్రాముల దాకా, పీచు రెండున్నర గ్రాములు వుంటాయి. కాని సున్నం, ఇనుము విషయంలో మన మునగాకు, తోటకూర దీనికి మిన్న. కాబట్టి దీన్ని తెచ్చి వాటిని మానెయ్యనక్కరలేదు. ఇందులో సల్ఫోరఫేన్ అనే పదార్థం గురించి 1992 నుంచి శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. అది మొక్కలో సిద్ధంగా వుండదు. పువ్వును కోసినప్పుడో, నమిలినప్పుడో లోపలి రసాయనం, ఎంజైము కలిసి అప్పటికప్పుడు తయారవుతుంది. ఎక్కువ ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే ముక్కలు తరిగి ఓ అరగంట వుంచి, తర్వాత పొయ్యి మీద పెట్టాలి. ఉడికిన కూరలో ఆవపిండి కలిపితే, ఆ ఎంజైము ఆవాల్లోనూ వుంది గనుక, పోయిన మేలు కొంత తిరిగి వస్తుందని పరిశోధనల్లో తేలింది.

ఇది నేను ఎక్కడో చదివి అత్తయ్యకు చెబితే, ఆవిడ నవ్వి, "ఆవపెట్టడం మా గోదావరి వాళ్లకు ఒకళ్లు నేర్పాలటే?" అంది. పనసపొట్టు కూర వండినట్టే బ్రోకలీని పొట్టులా తరిగింది. కాడను కూడా పారెయ్యనివ్వలేదు. పైతోలు చెక్కితే లోపల లేత ముల్లంగిలా వుంటుంది. మినప్పప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి పోపులో ఆ పొట్టు వేసి, ఉప్పూ పసుపూ చల్లి, కాస్త చిక్కటి చింతపండు రసం పోసి, మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు మగ్గించి దించేసింది. గోరువెచ్చగా అయ్యాక, పచ్చి ఆవాలు నీళ్లతో మెత్తగా నూరిన ముద్ద, చెంచాడు నూనెతో కలిపింది. ఆ కూర మా పిల్లలు కూడా మారు వడ్డించమని తిన్నారు. మామయ్యగారికి మాత్రం వారానికి రెండుసార్లు, ఒక్కొక్కసారి చిన్న కప్పు. లెక్క తప్పం.

గోంగూర సంగతి చెప్పలేదు గదూ. అత్తయ్య ఇదివరలో ఆ విత్తనం ఎవరెవరికో పంచిపెట్టేది. 2021 వేసవిలో నేను ఆ ఇళ్లన్నీ గుర్తు చేసుకుని ఒక్కొక్కరినే అడుగుతూ వెళ్లాను. చాలామంది ఎప్పుడో పోగొట్టుకున్నారు. చివరికి పక్కవీధి ఆవిడ ఒకరు, "మీ అత్తగారు ఇచ్చినదేనమ్మా" అంటూ చిన్న సీసాలోంచి గుప్పెడు గింజలు పోశారు. అవి తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. గింజలు అరచేతిలో పరిచి చూసుకుని, సగం వేరే పొట్లం కట్టి నాకే ఇచ్చి దాచమంది.

ఇప్పుడు ఆ మడికి ఇద్దరం కలిసి లెక్క వేసుకున్నాం. తొలకరి నుంచి గోంగూర. దీపావళికి మడిలో ఒక పక్క ఖాళీ చేసి నాలుగు బ్రోకలీ మొక్కలు, పై యేడు రెండో పక్క. మిగతావి తొట్లలో. విత్తనానికి వదిలిన గోంగూర మొక్కలకు ఎర్రగుడ్డ పీలిక కడుతున్నాం. అది కట్టిన మొక్కను ఎవరూ ముట్టుకోకూడదు.

కొత్త కూర పెంచుకోండి, పిల్లలకు పెట్టండి. దానికి చోటు చెయ్యడం కోసం ఏ మొక్కనైనా పీకే ముందు మాత్రం, అది ఎవరి విత్తనమో ఒక్కమాట అడగండి.